బయాన్ – పద చరిత్ర, అర్థ విచారణ

జుమా నాడు ఖుత్బాకు ముందు మన మసీదులలో తెలుగులోనో ఉర్దూలోనో జరిగే ప్రసంగాన్ని మనం 'బయాన్' అంటాము. "ఈ వారం బయాన్ ఎవరిది?" అని ఒకరినొకరు అడుగుతాము. తెలంగాణ పల్లెలలో పాతతరం వారు, ముస్లిములే కాదు ఇతరులు కూడ, పోలీసు ముందో కోర్టులోనో చెప్పిన వాంగ్మూలాన్ని 'బయాను' అనేవారు. మదర్సాలో చదివిన వానికి బయాన్ అంటే అరబీ అలంకారశాస్త్రంలో ఒక భాగం. ఫిఖ్హ్ మూలసూత్రాలు చదివిన వానికి అది మరొకటి. ఇక దివ్య ఖుర్ఆన్‌లో, సూరా రహ్మాన్ నాల్గవ ఆయత్‌లో, మానవుని సృష్టించిన వెనువెంటనే అల్లాహ్ అతనికి నేర్పిన విద్య పేరు బయాన్.

ఇన్ని చోట్ల ఇన్ని అర్థాలతో తిరుగుతున్న ఈ మాట అసలు ఏమి చెబుతున్నది? ఇది కేవలం నిఘంటువులు తిరగవేసే వారి వినోదం కాదని నాకు తెలిసిన సందర్భమొకటి ముందుగా మనవి చేస్తాను.

కొన్ని సంవత్సరాల క్రితం సూరా రహ్మాన్‌పై ఒక చిన్న ఉర్దూ పుస్తకాన్ని తెలుగు చేశాను. నాల్గవ ఆయత్ దగ్గర పెద్దగా ఆలోచించక, దేవుడు మనిషికి మాట్లాడటం నేర్పాడని రాశాను. తర్వాత ఒకసారి కోస్తా జిల్లాలోని ఒక ఊరి మసీదులో అస్ర్ నమాజు అయినాక, దర్జీ పని చేసుకునే ఒక పెద్దమనిషి ఆ పుస్తకం చేతబట్టుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "మౌల్వీ సాబ్, ఇది మీరు రాసిందేనంట గదా. మనిషికి మాట్లాడటం నేర్పినాడని ఉంది. మా చిన్నవాడు పుట్టు మూగ, చెవులు కూడ వినబడవు. మరి వాడు ఈ లెక్కలో లేడా?" అన్నాడు. ఆ కుర్రవానికి సంబంధం కుదిరినదట. 'ఖుబూల్' అని నోట చెప్పలేని వానికి నికాహ్ ఎట్లా అవుతుందని బంధువులలో ఎవరో సందేహం లేవనెత్తారట. ఆ సందేహానికి ఆధారంగా నా అనువాదాన్నే చూపించారట.

నికాహ్ చెల్లుతుందని ఆనాడే చెప్పాను. కాని ఆయన అడిగిన అసలు ప్రశ్నకు నా దగ్గర సరైన జవాబు లేదు. ఆ జవాబు వెతుకుతూ పోగా తేలినదే ఈ వ్యాసం.

ధాతువు

బయాన్ అనే మాటకు మూలం బా, యా, నూన్ అనే 3 అక్షరాలు. ఈ ధాతువుకు అరబీలో తొలి అర్థం మాట్లాడటం కాదు. వేరుపడటం, ఎడంగా ఉండటం. 'బైన్' అంటే రెండింటి మధ్యనున్న ఎడం. ప్రాచీన అరబ్బు కవులు ప్రియుల ఎడబాటును ఇదే మాటతో చెప్పుకున్నారు. హిజ్రీ 711 (క్రీ.శ. 1311)లో మరణించిన ఇబ్ను మన్‌జూర్ తన 'లిసానుల్ అరబ్' నిఘంటువులో ఒక వింత విషయం నమోదు చేశారు. బైన్ అనే మాటకు ఎడబాటు అనీ, కలయిక అనీ పరస్పర విరుద్ధమైన రెండర్థాలూ ఉన్నాయట. ఆలోచిస్తే ఇందులో వింత లేదు. రెండు వస్తువుల నడుమ ఉన్నది వాటిని విడదీసేది కూడ, కలిపేది కూడ.

మనకు బాగా పరిచయమున్న మాటలలోనే ఈ ధాతువు దాగి ఉన్నది. భార్యాభర్తల బంధం తెగిపోయి, కొత్త నికాహ్ లేనిదే తిరిగి కలవటానికి వీలులేని విడాకులను 'తలాఖె బాయిన్' అంటాము. ఇక్కడ బాయిన్ అంటే వేరుచేసేది. వారసత్వ వాటాలు లెక్కగట్టే ఫరాయిజ్ విద్యలో, ఒకటి తప్ప మరే సామాన్య భాజకమూ లేని రెండు సంఖ్యల సంబంధాన్ని 'తబాయున్' అంటారు. 9, 10 అటువంటివి. అవి ఒకదానిలో ఒకటి ఏ విధంగానూ కలవనివి. వ్యాజ్యంలో సత్యాన్ని అసత్యం నుండి వేరుచేసే రుజువు 'బయ్యినా'. ఖుర్ఆన్ 98వ సూరా పేరు అదే.

వేరుపడిన వస్తువు స్పష్టంగా కనబడుతుంది. గుంపులో ఉన్న మనిషి ఆనవాలు చిక్కదు. ఎడంగా నిలబడితే ఇట్టే పోల్చుకుంటాము. ఈ విధంగా వేరుపడటం అనే అర్థం నుండి స్పష్టపడటం అనే అర్థం పుట్టినది. స్పష్టమైనది, స్పష్టపరచేది 'ముబీన్'. ఖుర్ఆన్ తనను తాను అనేక చోట్ల కితాబె ముబీన్ అని పేర్కొన్నది.

ఈ రెండు అర్థాలూ ఒకే చోట కలిసి కనబడే దృష్టాంతం సూరా బఖరా 187వ ఆయత్‌లో కలదు. ఉపవాసి సహరీలో ఎంతవరకు తినవచ్చునో చెబుతూ, ఉషస్సు తెల్లదారం నల్లదారం నుండి వేరుగా తెలియవచ్చేదాకా అని ఆ ఆయత్ హద్దు పెట్టినది. అక్కడ వాడిన క్రియ ఈ ధాతువుదే. హజ్రత్ అదీ బిన్ హాతిమ్ (రజి) ఆ మాటను అక్షరాలా తీసుకుని, తెల్లదారమొకటి నల్లదారమొకటి తలగడ కింద పెట్టుకుని చూచారనీ, ఆ మాటకు అర్థం రాత్రి నలుపు, పగటి తెలుపు అని ప్రవక్త (స) ఆయనకు వివరించారనీ హదీసు గ్రంథాలలో ఉన్నది. బయాన్ అంటే ఏమిటో తెలుసుకోవాలంటే ఆ తెల్లవారు సమయాన్ని మనసులో పెట్టుకోవాలి. ఒకటిగా ఉన్న చీకటిలో నుండి ఒక గీత వేరుపడి కనబడటమే బయాన్.

రెండు పొరపాట్లు

ఇక్కడ తెలుగువారు పడే రెండు పొరపాట్లను తొలగించటం అవసరం. బేరం కుదిరినప్పుడు ముందుగా ఇచ్చే సొమ్మును మన బజారులో 'బయానా' అంటారు. మాట ఇచ్చినందుకు గుర్తుగా ఇచ్చేది కాబట్టి ఇది బయాన్ నుండే వచ్చినదని కొందరు అనుకుంటారు. అది సరికాదు. బయానా అనేది అమ్మకం అనే అర్థమున్న 'బైఅ' నుండి ఫారసీ ద్వారా వచ్చినది. దాని చివరి అక్షరం ఐన్. మన లిపిలో ఐన్‌కు చోటులేదు గనుక రెండు మాటలూ చుట్టాలవలె కనబడతాయి.

రెండవది మరింత ఆకర్షణీయమైనది. మనసులో మాటను బయటపెట్టడమే బయాన్ గదా, కనుక 'బయట', 'బయలు' అనే మాటలకు దీనితో సంబంధమున్నదేమో అని ఒక సభలో ఒక మిత్రుడు అన్నాడు. బయలు అచ్చమైన ద్రావిడ పదం. కన్నడంలో బయలు, తమిళంలో వయల్ దాని తోబుట్టువులు. ధ్వని కలిసినంత మాత్రాన వంశం కలవదు.

నుత్ఖ్, బయాన్

మాట్లాడటం అనే అర్థంలో అరబీలో మరో మాట ఉన్నది. అది 'నుత్ఖ్'. ఖుర్ఆన్ ఈ మాటను ఎక్కడెక్కడ వాడినదో గమనిస్తే రెండింటి తేడా తెలుస్తుంది. హజ్రత్ సులైమాన్ (అలై)కు పక్షుల భాష నేర్పబడినది. ఆ భాష పేరు 'మంతిఖ్', నుత్ఖ్ నుండి వచ్చిన మాటే. హజ్రత్ ఇబ్రాహీమ్ (అలై) విగ్రహాలను పగులగొట్టి, అవి మాట్లాడగలిగితే వాటినే అడగమన్నప్పుడు వచ్చిన క్రియ నుత్ఖ్. ప్రళయదినాన మనుషుల చర్మాలు సాక్ష్యమిచ్చినప్పుడు, కర్మల గ్రంథం సత్యం పలికినప్పుడు కూడ అదే క్రియ. పలుకు వెలువడటం నుత్ఖ్.

నిఘంటుకారుడు రాగిబ్ ఇస్ఫహానీ తన 'ముఫ్రదాత్'లో ఈ రెంటినీ పోల్చి, బయాన్ నుత్ఖ్ కంటె విశాలమైనదని తేల్చారు. ఆయన దృష్టిలో నుత్ఖ్ అసలు మనిషికే చెందినది, ఇతరాల విషయంలో అది అనుబంధంగా మాత్రమే చెప్పబడుతుంది. బయాన్ అట్లా కాదు. ఒక విషయం మీది తెర తొలగించేది ఏదైనా బయానే, నోరున్నా లేకున్నా.

ముఫస్సిర్ల అభిప్రాయాలు

సూరా రహ్మాన్ నాల్గవ ఆయత్‌లోని బయాన్‌కు ముఫస్సిర్లు ఒకే అర్థం చెప్పలేదు. హసన్ బస్రీ (రహ్మ) దానిని నుత్ఖ్ అన్నారు. ఖతాదా, జహ్హాక్ (రహ్మ) వంటివారి మాటలలో అది మంచిచెడ్డల, హలాల్ హరామ్‌ల వివరణ. తబరీ ఈ మాటను వీలైనంత విశాలంగా ఉంచటం మేలనుకున్నారు. దీనీ విషయాలు, ప్రాపంచిక విషయాలు, మనిషికి అవసరమైన వివరమంతా ఇందులో చేరుతుందన్నారు. జమఖ్షరీ దానిని అంతరంగంలో ఉన్నదానిని విశదంగా చెప్పగల మాటగా వివరించారు. ఇబ్ను కసీర్ హసన్ బస్రీ పక్షం వహించారు. ఆయన కారణం బలమైనది. సందర్భం ఖుర్ఆన్ నేర్పటం గురించి. ఖుర్ఆన్ నేర్వటమంటే దానిని పఠించటం. గొంతు, నాలుక, పెదవుల నుండి అక్షరాలు సులువుగా పలకనిదే పఠనం జరగదు.

20వ శతాబ్దంలో మౌలానా మౌదూదీ 'తఫ్హీముల్ ఖుర్ఆన్'లో అనువాదంలో మాట్లాడటం అనే అర్థమే ఉంచి, వివరణలో రెండు అర్థాలనూ చెప్పారు. మనసులోని భావం తెలియజేయటం ఒకటి, మంచిచెడ్డల తేడాను విడమరచటం మరొకటి. ఉర్దూలో మనసులోని దానిని 'మాఫిజ్జమీర్' అంటాము. మన ఉర్దూ ప్రసంగీకులకు అలవాటైన 'ఇజ్‌హారె మాఫిజ్జమీర్' అనే పదబంధం జమఖ్షరీ చెప్పిన అర్థానికి దగ్గరిది.

ఈ అభిప్రాయాలు పరస్పరం కొట్టివేసుకునేవి కావు. కంఠం గురించి చెప్పినవారు సాధనాన్ని చెప్పారు. మంచిచెడ్డల గురించి చెప్పినవారు ప్రయోజనాన్ని చెప్పారు. నేను పుస్తకంలో సాధనాన్ని మాత్రమే పట్టుకున్నాను.

ఇమామ్ షాఫియీ, జాహిజ్

బయాన్‌ను ఒక శాస్త్రీయ పదంగా ముందుగా పరిశీలించిన వారిలో ఇమామ్ షాఫియీ (రహ్మ) ప్రముఖులు. ఆయన హిజ్రీ 204 (క్రీ.శ. 820)లో మరణించారు. 'అర్రిసాలా' ఆరంభంలోనే ఆయన బయాన్ ఏ విధంగా ఉంటుందని ప్రశ్న వేసుకున్నారు. ఆయన చెప్పినదాని సారాంశం ఇది. బయాన్ అనేది మూలంలో ఒకటై, కొమ్మలలో వేరైన పలు అర్థాలకు ఉమ్మడి పేరు. అల్లాహ్ కొన్నిటిని గ్రంథంలోనే పూర్తిగా విడమరచి చెప్పాడు. నమాజు విధి అని గ్రంథంలో చెప్పి, రకాతుల సంఖ్యను, వేళలను ప్రవక్త (స) ద్వారా తెలిపాడు. మరికొన్నిటిని మనిషి శ్రమించి తెలుసుకోవలసినవిగా ఉంచాడు. మస్జిదె హరామ్ కంటికి కనబడని దూరంలో ఉన్నవాడు నక్షత్రాల వంటి గుర్తులను బట్టి ఖిబ్లాను నిర్ణయించుకోవటం ఇందుకు ఉదాహరణ. నక్షత్రం నోరు విప్పదు. అయినా షాఫియీ దృష్టిలో అది బయాన్‌లో భాగమే.

ఆ తర్వాతి తరంలో బస్రా వాసి జాహిజ్ ఈ మాటకు ఒక మహాగ్రంథమే కట్టాడు. దాని పేరు 'అల్‌బయాన్ వత్తబ్యీన్'. 90 ఏళ్ళకు పైగా జీవించిన జాహిజ్ హిజ్రీ 255 (క్రీ.శ. 868)లో మరణించాడు. మనుషుల గుండెలలోని భావాలు దాగి ఉంటాయనీ, అవి ఉండి కూడ లేనట్లేననీ, తెలియపరచినప్పుడే వాటికి ప్రాణం వస్తుందనీ ఆయన వాదన. ఆ తెలియపరచేది ఏదైనా బయానే. దానికి ఆయన 5 మార్గాలు చెప్పాడు. మొదటిది మాట. రెండవది సైగ. మూడవది వేళ్ళు మడచి లెక్క తెలిపే పద్ధతి. నాల్గవది రాత. ఐదవది 'నిస్బా', అనగా వస్తువు ఉన్న తీరే తన సంగతి చెప్పటం. భూమ్యాకాశాలు నాలుక లేకుండానే తమ సృష్టికర్తను గూర్చి చెప్పటం ఈ కోవలోనిది.

ప్రవక్త (స) స్వయంగా ఈ మార్గాలను వాడారు. నెలకు 29 రోజులు కూడ ఉండవచ్చునని చేతివేళ్ళతో చూపించారు. అనాథను సాకేవాడు స్వర్గంలో తనకెంత దగ్గరగా ఉంటాడో చూపుడువేలు, నడిమివేలు చూపి తెలిపారు.

జాహిజ్ గ్రంథంలో మనసుకు హత్తుకునే మరో వృత్తాంతమున్నది. హిజ్రీ 131 (క్రీ.శ. 748)లో మరణించిన వాసిల్ బిన్ అతాకు 'రా' అక్షరం సరిగా పలికేది కాదు. అరబీలో రా లేని వాక్యం కట్టటం ఎంత కష్టమో ఆ భాష తెలిసినవారు ఊహించగలరు. వాసిల్ తన ప్రసంగాలన్నిటిలో ఆ అక్షరమున్న మాటలను వదిలి, అదే అర్థమిచ్చే ఇతర పదాలు ఏరుకుని మాట్లాడేవాడట. గోధుమలకు 'బుర్ర్' అనక 'ఖమ్హ్' అనేవాడట. వినేవారికి ఆ లోపం తెలిసేది కాదు. నాలుకలో లోపమున్నంత మాత్రాన బయాన్‌లో లోపముండనక్కరలేదని జాహిజ్ చూపిన నిదర్శనమిది.

ఈ సందర్భంలో హజ్రత్ మూసా (అలై) గుర్తుకు రాక మానరు. తన నాలుక ముడి విప్పమని ఆయన దుఆ చేశారు. తనకంటె తన సోదరుడు హారూన్ ధారాళంగా మాట్లాడగలడని విన్నవించుకున్నారు. ఫిరౌన్ తన ప్రజల ముందు ఆయనను ఎగతాళి చేస్తూ, ఇతడు సరిగా స్పష్టపరచి చెప్పలేడన్నాడు. సూరా జుఖ్రుఫ్ 52వ ఆయత్‌లో ఫిరౌన్ నోట వచ్చిన ఆ క్రియ కూడ బయాన్ ధాతువుదే. అదే సూరా ప్రారంభంలో ముబీన్ అయిన గ్రంథం మీద ప్రమాణమున్నది. ధారాళమైన నాలుక ఫిరౌన్‌కు ఉన్నది. స్పష్టమైన సత్యం మూసా (అలై) వద్ద ఉన్నది. బయాన్ ఎవరిదని చరిత్ర తీర్పు చెప్పినదో మనకు తెలుసు.

మెప్పు, హెచ్చరిక

బయాన్ ఎల్లప్పుడూ మెప్పే కాదు. తూర్పు నుండి ఇద్దరు వ్యక్తులు వచ్చి ప్రసంగించగా, జనం వారి మాటతీరుకు ఆశ్చర్యపోయారు. అప్పుడు ప్రవక్త (స) కొంత బయాన్ మంత్రజాలమేనని సెలవిచ్చారని బుఖారీలో ఉన్నది. ఇది పొగడ్తా, తెగడ్తా అని విద్వాంసులు శతాబ్దాలుగా చర్చించారు. ఇమామ్ మాలిక్ (రహ్మ) 'మువత్తా'లో ఈ హదీసును అల్లాహ్ స్మరణ లేని, అయిష్టమైన మాటలను గూర్చిన అధ్యాయంలో చేర్చారు. ఆ కూర్పులోనే ఆయన అభిప్రాయం తెలుస్తున్నది. తిర్మిజీలోని మరో హదీసు సిగ్గును, మితభాషణను ఈమాన్ కొమ్మలుగాను, అశ్లీల భాషణను, బయాన్‌ను కపటపు కొమ్మలుగాను చెప్పినది. ఇక్కడ బయాన్ అంటే జనం మెప్పు కోసం మాటలను సాగదీసే ప్రసంగీకుల వాచాలత్వమని తిర్మిజీ వివరించారు.

ఒకే మాట ఒకచోట దైవానుగ్రహం, మరొకచోట కపటపు కొమ్మ ఎట్లా అయినది? ధాతువు దగ్గరకు పోతే చిక్కు విడిపోతుంది. సత్యాన్ని అసత్యం నుండి వేరుచేసేంతవరకు అది అనుగ్రహం. సత్యాన్ని అసత్యంతో కలగలిపి వినేవారి కళ్ళకు గంతలు కట్టినప్పుడు దానికి బయాన్ అనే పేరు మాత్రమే మిగులుతుంది. జుమా నాడు మింబర్ దగ్గర నిలబడే మనబోటి వారందరూ మాటిమాటికి తలచుకోవలసిన హదీసులివి.

బగ్దాదులో ఒక వాదం

క్రీ.శ. 10వ శతాబ్దపు తొలి భాగంలో బగ్దాదులో వజీరు ఇబ్నుల్ ఫురాత్ సభలో ఒక ప్రసిద్ధ వాదం జరిగినది. ఒకవైపు గ్రీకు తర్కశాస్త్ర పండితుడు, క్రైస్తవుడైన మత్తా బిన్ యూనుస్. మరొకవైపు వ్యాకరణవేత్త అబూ సయీద్ సీరాఫీ. ఈ వాదాన్ని అబూ హయ్యాన్ తౌహీదీ గ్రంథస్థం చేశాడు.

గ్రీకులో 'లోగోస్' అనే మాటకు మాట అనీ, బుద్ధి అనీ రెండర్థాలు. దానిని అరబీలోకి తెచ్చినవారు నుత్ఖ్ అన్నారు. తర్కశాస్త్రానికి మంతిఖ్ అనే పేరు అట్లా వచ్చినది. మనిషిని 'హైవానె నాతిఖ్' అనటం కూడ అక్కడిదే. తర్కం ఏ భాషకూ చెందనిదనీ, సరైన అర్థాన్ని తప్పుడు అర్థం నుండి వేరుచేసే తూనిక అదేననీ మత్తా అన్నాడు. అర్థాలను చేరుకునే దారి భాష మాత్రమేననీ, గ్రీకు రానివాడు, సిరియాక్ అనువాదాల మీద ఆధారపడినవాడు గ్రీకుల అర్థాలను ఎట్లా పట్టుకోగలడనీ సీరాఫీ నిలదీశాడు. అరబీలో 'వావ్' అనే ఒక్క అక్షరానికి ఎన్ని ప్రయోగాలున్నవో చెప్పమన్నాడు. మత్తా చెప్పలేకపోయాడు.

ఈ కథను సీరాఫీ పక్షం వారు చెప్పినదిగానే చదవాలి. మత్తాది పూర్తిగా తప్పు కాదు. అయితే అనువాదకునికి ఇందులో పాఠమున్నది. ఇదే మత్తా అరిస్టాటిల్ కావ్యశాస్త్రాన్ని సిరియాక్ నుండి అరబీ చేసినప్పుడు, గ్రీకుల విషాద నాటకాన్ని పొగడ్త కవిత్వమనీ, హాస్య నాటకాన్ని నిందా కవిత్వమనీ రాశాడు. నాటకమే ఎరుగని అరబ్బు పాఠకులు ఆ మాటల వెంట చాలాకాలం దారి తప్పారు. ఒక్క పదం తప్పితే ఎంత దూరం పోతుందో నా దర్జీ మిత్రుడు నాకు చూపినది కూడ ఇదే.

పాఠ్య గ్రంథాలలో

తర్వాతి కాలంలో ఈ మాట ఇరుకైనది. హిజ్రీ 471 (క్రీ.శ. 1078)లో మరణించిన అబ్దుల్ ఖాహిర్ జుర్జానీ పదాల పొందికలో అర్థం ఎట్లా పుడుతుందో లోతుగా విచారించాడు. హిజ్రీ 626 (క్రీ.శ. 1229)లో మరణించిన సక్కాకీ 'మిఫ్తాహుల్ ఉలూమ్' ఆధారంగా, ఖజ్వీనీ, తఫ్తాజానీల చేతుల మీదుగా అలంకారశాస్త్రం 3 భాగాలుగా స్థిరపడినది. అవి మఆనీ, బయాన్, బదీ. ఇక్కడ బయాన్ అంటే ఒకే భావాన్ని ఉపమ, రూపకం, లక్షణ, వ్యంజన వంటి వేర్వేరు దారులలో, స్పష్టతలో హెచ్చుతగ్గులతో చెప్పే విద్య. దర్సె నిజామీలో తఫ్తాజానీ 'ముఖ్తసర్' చదివిన ప్రతి విద్యార్థికీ మొదట తెలిసే బయాన్ ఇదే. నా వరకు నేను విశ్వవిద్యాలయానికి పోయి జాహిజ్‌ను చదివేదాకా, ఈ ఇరుకు గది వెనుక అంత పెద్ద ఇల్లున్నదని ఎరుగను.

దక్కనులో ఈ మాట ఫారసీ, ఉర్దూల వెంట కచేరీలలోకి వచ్చినది. 1880ల దశకంలో హైదరాబాదు సంస్థానంలో ఫారసీ స్థానంలో ఉర్దూ అధికార భాష అయినాక, దావా, జామీను, వకాల్తు వంటి మాటలతోపాటు బయాను కూడ తెలుగు రైతు నోట నిలిచినది. చూచినది చూచినట్లు విడమరచి చెప్పటమనే పాత అర్థం ఆ రైతు మాటలో చెక్కుచెదరలేదు.

మౌనం, మూగవాని సైగ

బయాన్ చరిత్రలో అన్నిటికంటె విలువైన అధ్యాయం ఫఖీహుల చేతిలో రాయబడినది. హిజ్రీ 482 (క్రీ.శ. 1089)లో మరణించిన హనఫీ ఇమామ్ బజ్దవీ బయాన్‌ను 5 రకాలుగా విభజించారు. అవి తఖ్‌రీర్, తఫ్‌సీర్, తగ్‌యీర్, తబ్‌దీల్, జరూరత్. ఇందులో చివరిదైన బయానె జరూరత్, మాట లేని చోట ఏర్పడే బయాన్. దానికి ఖుర్ఆన్ నుండే ఉదాహరణ ఇస్తారు. సంతానం లేని మృతునికి తల్లిదండ్రులే వారసులైతే తల్లికి మూడవ వంతు అని సూరా నిసా 11వ ఆయత్ చెప్పినది. తండ్రి వాటా ఎంతో చెప్పలేదు. అయినా మిగిలిన రెండు వంతులు తండ్రివని ఆ మౌనమే తెలుపుతున్నది.

తన ఎదుట జరిగిన పనిని ప్రవక్త (స) వారించకుండా ఊరకుంటే అది అనుమతి. కన్యను వివాహానికి అడిగినప్పుడు ఆమె మౌనం అంగీకారంగా హదీసులో చెప్పబడినది. అయితే ఆమె నిరసనతో ఏడిస్తే ఆ మౌనం అంగీకారం కాదని ఫఖీహులు జాగ్రత్తపడ్డారు. మౌనాన్ని కూడ చదవవలసి ఉంటుందేగాని, తమకు అనుకూలంగా రాసుకోకూడదు.

1869 నుండి 1876 వరకు ఉస్మానియా ఖిలాఫత్‌లో హనఫీ ఫిఖ్హ్ ఆధారంగా కూర్చిన 'మజల్లా' న్యాయస్మృతి ఈ సూత్రాలను క్రోడీకరించినది. ఊరకున్నవానికి మాటను ఆపాదించరాదనీ, అయితే చెప్పవలసిన చోట ఊరకుండటం బయానేననీ 67వ నిబంధన. మూగవాని వాడుక సైగలు నోటితో చేసిన బయాన్‌తో సమానమని 70వ నిబంధన.

ఇదేమీ ఉస్మానియా న్యాయవేత్తలు కొత్తగా కల్పించినది కాదు. ఇమామ్ బుఖారీ (రహ్మ) తలాఖ్ ప్రకరణంలో సైగలను గూర్చి ప్రత్యేక అధ్యాయం పెట్టారు. హిజ్రీ 593 (క్రీ.శ. 1197)లో మరణించిన మర్గీనానీ 'హిదాయా' చివరలో మూగవాని సైగ, రాత ద్వారా అతని నికాహ్, తలాఖ్, క్రయవిక్రయాలు చెల్లుతాయని చెప్పారు. శిక్షలతో కూడిన హుదూద్ విషయంలో మాత్రం సైగలో సందేహానికి తావుంటుంది గనుక దానిపై తీర్పు చెప్పరాదన్నారు. ఆ మినహాయింపు కూడ మూగవానికి మేలు చేసేదే.

ఖుర్ఆన్‌లోనే చూడండి. హజ్రత్ జకరియ్యా (అలై) 3 రోజులు నోట మాటలేక జనానికి సైగలతో తెలిపారు. హజ్రత్ మర్యమ్ (అలై) తనపై నిందమోపిన వారికి నోటితో జవాబివ్వలేదు. ఉయ్యాలలోని బిడ్డవైపు చూపించారు. ఆ సైగ కంటె స్పష్టమైన బయాన్ ఏదున్నది?

తెలుగులో ఏమనాలి?

ఇక చివరి ప్రశ్న. బయాన్‌ను తెలుగులో ఏమనాలి? 'వాక్కు', 'పలుకు' అంటే నుత్ఖ్ అవుతుంది. 'ఉపన్యాసం', 'వాక్చాతుర్యం' అంటే మసీదు బయాన్‌కు సరిపోతుందేమోగాని సృష్టి ప్రస్తావనకు చాలదు. 'వ్యక్తీకరణ' అర్థానికి దగ్గరిదే అయినా దర్జీ దుకాణందాకా నడవదు. 'వివరణ' అనే సంస్కృత పదంలో కప్పినదానిని తెరవటమనే భావమున్నది. జాహిజ్ చెప్పిన తెర తొలగించటానికి అది చక్కగా సరిపోయినా, మన వాడుకలో వివరణ అంటే కఠినమైనదానికి చెప్పే టీకగా మిగిలిపోయినది. 'విప్పి చెప్పటం' అందమైన మాట. మూసా (అలై) నాలుక ముడి విప్పమని చేసిన దుఆను గుర్తుకు తెస్తుంది. కాని అందులో కూడ చెప్పటమున్నది.

చివరకు నాకు దొరికిన మాట మన ఇళ్ళలో రోజూ వినబడేదే. అది 'తెలుపు'. తెలియు, తెలుపు, తెలివి, తెల్లన, తెల్లవారు అన్నీ ఒకే ద్రావిడ మూలం నుండి వచ్చినవి. దాని అర్థం స్వచ్ఛంగా, స్పష్టంగా ఉండటం. తమిళంలోని 'తెళి' కూడ దీని బంధువే. అరబీ ధాతువుకూ దీనికీ రక్తసంబంధమేమీ లేదు. అయినా తెల్లదారం నల్లదారం నుండి వేరుపడే వేళను అరబీ ఏ ధాతువుతో చెప్పినదో, ఆ వేళను తెలుగు ఈ మాటతో 'తెల్లవారటం' అన్నది. తెలపటానికి నోరే కావాలని లేదు. కంటితో తెలపవచ్చు, చేతితో తెలపవచ్చు, రాతతో తెలపవచ్చు, మౌనంతో కూడ తెలపవచ్చు.

పుస్తకం రెండవ ముద్రణలో ఆ వాక్యాన్ని మార్చాను. అల్లాహ్ మనిషిని సృష్టించి, మనసులోని దానిని తెలపటం నేర్పాడని రాశాను. ఒక ప్రతిని ఆ పెద్దమనిషికి పంపాను. ఆ కుర్రవాని నికాహ్ అప్పటికే అయిపోయినది. ఖాజీ గారు సాక్షుల ఎదుట కాగితం మీద రాసి చూపి అడిగితే, కుర్రవాడు గుండెమీద చేయి వేసుకుని మూడుసార్లు తల ఊపాడట. ఖాజీ గారు దానిని ఖుబూల్‌గా రాసుకున్నారట.

ముఫస్సిర్లలో మాట పక్షం వహించిన వారిని నేను తప్పుపట్టటం లేదు. వారు అరబీలో రాశారు. వారి పాఠకులకు బయాన్ అనే మాట, దాని బంధువర్గమంతా కళ్ళ ముందే ఉన్నది. అనువాదకుడు ఆ మాటను తీసి మరొకటి పెట్టినప్పుడు ఆ బంధువర్గం మాయమవుతుంది. అప్పుడు ఎవరు లోపలికి వస్తారు, ఎవరు వాకిట నిలిచిపోతారు అనేది ఆ ఒక్క మాట మీద ఆధారపడుతుంది. ఖుర్ఆన్ ఆ ఆయత్‌లో 'అల్ ఇన్సాన్' అన్నది. మానవుడు అనే మాటకు ఆయత్ ఏ షరతూ పెట్టలేదు. అనువాదకుడు తన పదంతో ఒక షరతు పెట్టకుండా చూచుకోవాలి. వల్లాహు ఆలమ్.